తిరిగే కుర్చీ

పోర్టు గేటు బయట టీకొట్టు. సిరాజ్, దేవీప్రసాద్ ఇద్దరూ క్రేన్ ఆపరేటర్లు. నడుంనొప్పి వచ్చాక దేవీప్రసాద్‌ని క్రేన్ దింపి, ఏసీ రూములో సీసీ కెమెరాల తెరల ముందు కూర్చోబెట్టారు.

“...కుళ్ళు కాదు బావా. సరే, కుళ్ళే అనుకో. నీకు ఏసీ, తిరిగే కుర్చీ. నాకు ఎండలో క్రేను. ఇద్దరం ఒక్కరోజే కదేటి జాయినయ్యాం?”

“సరదాకి కూకున్నానేటి సిరాజూ? తుంటి కాణ్ణించి మడం దాకా కరెంటు కొట్టినట్టుండీది.”

“అదెలాగొచ్చింది, నీకొక్కడికే?”

“షిఫ్టంతా ఒంగి, కేబిన్లో కాళ్ళ మధ్యనున్న అద్దంలోంచి కిందకి సూత్తాం కదా, దానివల్లేనంట. పైగా ఈ బొజ్జ, సిగరెట్లు. డిస్కు జరిగి నరాన్ని నొక్కుతందన్నాడు డాక్టరు.”

“నానూ ఒంగుతన్నాను. నానూ సిగరెట్లు కాలుత్తన్నాను. నాకు రాలేదే?”

“రాలేదా? మరి ఇందాక బండి దిగడానికి నా బుజం పట్టుకున్నావేటి?”

“అది... అదొదిలీ.”

“మొన్న మెడికల్ టెస్టులో సెప్పావా, నొప్పుందని?”

“సెప్తే అన్‌ఫిట్ అంటారు. నువ్వు సెప్పి కుర్చీ కొట్టీసావు! ఇంటికెల్తే మా ఆవిడ హీనా రోజూ అదే పాట. ‘దేవీ భాయ్‌కి బుర్రుంది, నీకేటుంది?’ అంటాది. అన్నం సయించట్లేదు బావా, ఆ కుర్చీ తలుసుకుంటే.”

“నువ్వూ రా డాక్టరు కాడికి. నొప్పున్నంతసేపూ మరీ కంగారు లేదంట. కాలు మొద్దుబారితేనే వెంటనే...”

“ఆపు నీ డాక్టర్ని! ఇప్పుడెలాగుంది నీకు? నా మీదొట్టు, నిజం సెప్పు.”

“ఇప్పుడా? ఏటీ లేదురా. మొన్నటి నుంచీ నొప్పే తెలీట్లేదు. హాయిగా ఉంది.”

“ఆఁ! నీ నోటితోనే అన్నావు!”

“ఏటన్నాను?”

“నొప్పి లేదన్నావు. నొప్పి లేనోడికి కుర్చీ ఎందుకు? పద, సార్ కాడికి. ఇదే మాట ఆయనతో అను. నువ్వు క్రేనెక్కు, ఆ కుర్చీలో నాను కూకుంటాను.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే. రేపైతే మళ్ళీ నొప్పొచ్చిసిందంటావు.”

“సర్లే, పద. నీ కడుపుమంట సల్లారితే అదే సాలు. నాకూ ఆ రూములో పొద్దు పోవట్లేదు.”

“సూడు, సూడు! ఎంత కులాసాగా నడిసెల్లిపోతన్నావో! నాకే ఒక్కో అడుక్కీ ప్రాణం పోతంది... బావా. బావా, ఆగు.”

“మళ్ళీ ఏటి?”

“నీ కుడికాలి సెప్పు... బల్ల కిందే ఉండిపోనాది.”

“ఎటకారాలొద్దు సిరాజూ. కాలికే ఉంది కదరా.”