బియ్యం డబ్బాలో రివాల్వరు

"అమ్మమ్మా, నువ్వు చదివిన డిటెక్టివ్ పుస్తకాల్లో రివాల్వర్‌లాగే ఉండేదా తాతయ్యది?"

ఆఁ... ఎక్కడమ్మా! ముందు కూర్చో. ఆ ఫ్యాను కాస్త పెంచు, ఈ బందరు ఉక్క చంపేస్తోంది. నీకు ఎస్సై ఉద్యోగం వచ్చిన కాణ్ణించీ అందరికీ ఆ రివాల్వర్ ముచ్చటే కావాలి. బియ్యం డబ్బా కథ చెప్పమ్మా అంటారు, నవ్వుకోటానికి. చెప్పీ చెప్పీ విసుగొచ్చేసింది. నవ్వేది సగమేనే అందులో.

అప్పుడు మీ తాతయ్య ఎస్సై, అవనిగడ్డ పోలీసు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టుండేది. రోజుకి పావలా... కాదులే, పది పైసలు. పావలా తర్వాత చేశాడు వాడు. గూఢచారి నవలలంటే పిచ్చి నాకు. అట్ట మీద పొగలు కక్కే రివాల్వరు, ఓవర్‌కోటు తొడుక్కున్న మనిషి. ఈ దివిసీమ ఎండల్లో ఓవర్‌కోటేవిటే, చోద్యం కాకపోతే! దిండు కింద నుంచి రివాల్వర్ తీస్తాడు, సైలెన్సర్ బిగిస్తాడు, టప్పుమంటుంది. శత్రువు కూలిపోతాడు, వీడు వెళ్ళి కాఫీ తాగుతాడు. మీ దానికి సైలెన్సర్ ఏదండీ అని మీ తాతయ్యని అడిగాను ఒకసారి. పడీపడీ నవ్వారు. "తూటాల చక్రం పక్క సందులోంచే వచ్చేస్తుంది సుగుణా మోతంతా, మూతి మూస్తే ఏం లాభం?" అన్నారు.

ఆయనది నల్లగా, ఇనపముద్దలా ఉండేది. నడుం దగ్గర విరిస్తే వంగి, తూటాలు పెట్టే ఆరు కన్నాలూ కనపడేవి. ఉప్పుగాలికి ఊరికే తుప్పు పట్టేది. పాత పేపరు పరిచి నూనె రాసుకుంటూ కూర్చునేవారు పాపం. ఆ పుస్తకాల్లో ఒక్కడన్నా నూనె రాశాడా? అబ్బే!

ఆ ఏడు పెద్ద ముసురు. స్టేషను కప్పు కారుతోందని రివాల్వర్ ఇంటికి తెచ్చారు, నిలువెల్లా తడిసిపోయి. మన ఇళ్ళల్లో మాగాల్సిన సపోటాలైనా, చెమ్మగిల్లిన అగ్గిపెట్టెలైనా బియ్యం డబ్బాలోకేగా! తేమ లాగుతుందని, తూటాలు ఆయన తీసేశాక, విరిచినదాన్ని విరిచినట్టే బియ్యంలో పెట్టాను. ఆయనా చూశారు. మంచి పని చేశావన్నారు. నవ్వు, నవ్వు. నాకేం నామోషీ లేదు.

తెల్లారేసరికి కబురొచ్చింది, సముద్రం ఒడ్డున రెండూళ్ళ వాళ్ళు వలల కాడ కొట్టుకుంటున్నారని. గబగబా దులిపి, తూటాలు వేసుకుని, ఇద్దరు కానిస్టేబుళ్ళతో వెళ్ళారు. జనం చుట్టుముట్టేశారు. రాయొచ్చి ఒక కానిస్టేబులు తల పగిలింది. అంతలో వెంకన్న అని ఒక కుర్రాడు, పడవ తెడ్డు పైకెత్తి ఈయన మీదకే ఉరికొచ్చాడు. ఈయన గురిపెట్టి, ఆగరా అని అరిచారు. వాడు ఆగలా.

వాడొచ్చి ఏం చేశాడనుకున్నావ్? ఈయన ముందు నిలబడి, వెనక్కి తిరిగి, ఆ తెడ్డు అడ్డం పెట్టి సొంతవాళ్ళని తోశాడు. "ఎస్సైగారి మీద చెయ్యి పడితే ఊరు ఊరంతా జైల్లో ఉంటాం, పొండెహె!" అని. గొడవ సద్దుమణిగింది.

చూశావా, తుపాకీ ఉండి కూడా కాల్చలేదు, ఎంత మంచి ఎస్సైగారో అని ఊరంతా చెప్పుకున్నారు. ఇంటికొచ్చి రివాల్వర్ విరిచి చూస్తే చక్రం వెనకాల రెండు నూకలు ఇరుక్కుని ఉన్నాయి. అది తిరగదిక. ఇంతవరకే అందరికీ తెలుసు. బియ్యం ఎస్సై అని ఏడిపించేవాళ్ళు మన చుట్టాలు.

మరి కాల్చబోనే లేదంటే, ఇంటికి రాగానే దాన్నెందుకు విరిచి చూశారు? అది ఎవ్వరూ అడగలేదే అమ్మా. నువ్వూ అడగలా.

ఆ రోజు అన్నం ముట్టలేదు. పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని, "నొక్కాను సుగుణా. వాడు నన్ను కాపాడటానికి వస్తుంటే, నొక్కాను" అన్నారు. అంతే. మళ్ళీ జన్మలో ఆ మాటెత్తలా. నేనూ ఆ పుస్తకాలు మానేశాను. టప్పుమన్నాక వాడు కాఫీ ఎలా తాగుతున్నాడో నాకర్థం కాలేదు.

వెంకన్న ఏటా క్రిస్మస్‌కి పండుగప్ప చేపలు తెచ్చేవాడు. "గురిపెట్టి కూడా కాల్చలేదండి బాబుగారు, నా ప్రాణం ఆయన పెట్టిందే" అనేవాడు. ఈయన లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. అందరికీ పులుసు వడ్డించేదాన్ని, ఆయన మాత్రం మజ్జిగ పోసుకుని తినేవారు. చేపంటే పడదనుకునేవాళ్ళు మీరంతా. చేపంటే ప్రాణమే ఆయనకి.

ఆయన పోయినప్పుడు శవప్పెట్టె మోసింది కూడా వాడే. "చల్లని చెయ్యమ్మా అది" అని ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేను ఆ చేతి మీద గుడ్డ సర్దాను.

ఇప్పుడు మీకు రివాల్వర్లు కాదట కదా, పిస్టళ్ళట? ఏది పడినా ఇరుక్కోవట, నొక్కితే పేలాల్సిందేనట. మీ నాన్న గొప్పగా చెబుతున్నాడు. నాకు అదేనే బెంగ.

ఇలా రా, తల ఇటు పెట్టు. తండ్రీ, ఈ పిల్ల చెయ్యి నిజంగా చల్లని చెయ్యిగా ఉంచు... ఆ పైన, నీ పిస్టలు పేలాలని అడగాలో, ఇరుక్కోవాలని అడగాలో తెలియట్లేదమ్మా. వెళ్ళు, పొద్దుపోతోంది, పామర్రు బస్సు వెళ్ళిపోతుంది...