తమ్ముడి దరఖాస్తు ముట్టుకోని అక్కయ్యగారు

“సొంత తమ్ముణ్ణి పిలవకుండా సన్మానమేమిటి? నాలుగేళ్లుగా చూస్తున్నాను మీ పంతం,” అంటున్నారు బావగారు.

“పిలిచినా రాడు. నలుగురిలో వాడి కుర్చీ ఖాళీగా కనబడితే నేను తట్టుకోలేను,” అంటున్నారు అక్కయ్యగారు.

“ఆ కుర్చీలో నేను కూర్చుంటాలే అమ్మా,” అంది వాళ్లమ్మాయి.

అక్కయ్యగారి పదవీ విరమణకు మా కార్యాలయం వేస్తున్న ఈ సంచికకు ఫోటో కోసం మొన్న ఆదివారం నేను వారింటికి వెళ్లేసరికి మాట అక్కడిదాకా వచ్చింది.

మేమందరం అక్కయ్యగారని పిలుచుకునే మా సూపరింటెండెంటుగారు మా వ్యవసాయ సహాయ కార్యాలయంలో టైపిస్టుగా చేరినది 1990 జూన్ 4న. గుమాస్తాగా పదేళ్లు, పెద్ద గుమాస్తాగా మరో పదిహేనేళ్లు పనిచేసి సూపరింటెండెంటు పదవికి చేరినా, రైతుల నోట మాత్రం చివరిదాకా పెద్ద గుమాస్తాగానే ఉండిపోయారు. కాగితంలో తప్పుందని రైతును తిప్పి పంపడం వారికి గిట్టదు. “వచ్చిపోయే బస్సుకే అతని పొద్దంతా పోతుంది, ఇక్కడే దిద్దించండి,” అనేవారు.

మహమ్మారి కాలంలో ప్రభుత్వం రైతులకు సహాయం ప్రకటించినప్పుడు మా తలుపులు మూసి ఉన్నాయి. అక్కయ్యగారు తమ బల్లను కిటికీ దగ్గరికి జరిపించారు. ఆవరణలో ఎడం ఎడంగా నిలబడ్డ రైతులకు ఒక్కొక్క ప్రశ్న గట్టిగా చదివి వినిపించి, ఆ వేసవిలో రెండువేల పైచిలుకు దరఖాస్తులు నింపించారు. ఎవరి గేదె ఎన్ని లీటర్లిస్తుందో వీధి వీధంతటికీ తెలిసిపోయింది.

వారు ముట్టుకోనిది ఒక్కటే, సొంత తమ్ముడిది. పాలబండి రావడం మానేస్తే ఆయన పితికిన పాలు పారబోస్తూ, పశువులను అమ్మేయడానికి బేరగాడికి కబురు కూడా పెట్టారు. అయినా బంధువుల దరఖాస్తు చూడరాదన్న నిబంధన ప్రకారం అక్కయ్యగారు ఆ కవరు విప్పకుండానే నా బల్ల మీద పెట్టారు. పశువుల సంఖ్య రాయవలసిన గడిలో ఆయన వాటి పేర్లన్నీ రాశారు. గడి చాలక కాగితం వెనక్కి కూడా తిప్పారు! గడువు మూడు రోజులుందనగా నేను దాన్ని వెనక్కి పంపవలసి వచ్చింది.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నిలదీశారు.

“అక్కవై ఉండి ఒక్క అంకె వెయ్యలేకపోయావా?”

“అక్కను కాబట్టే వెయ్యలేనురా. పక్క కిటికీకి వెళ్లు.”

“సరే. ఇక మీ ఇంటి గడప తొక్కను.”

పక్క కిటికీ నాది. ఆయన ఒక్కొక్క పేరూ కోపంగా చదువుతుంటే నేను వేళ్లు మడిచాను. ఇరవై రెండు. ఆ అంకెను ఆయన చేతే వేయించి తీసుకున్నాను.

తర్వాత నెలన్నర పాటు అక్కయ్యగారు నన్ను ఏమీ అడగలేదు. రోజూ పొద్దున్నే నా ముఖం మాత్రం చూసేవారు. సహాయం అందిందని తెలిసిన రోజు, “ఇరవై రెండూ పాకలోనే ఉన్నాయండీ,” అన్నాను. వారు కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. ఆ పూట ఆఫీసులో అందరికీ టీ వారే తెప్పించారు, ఎందుకో చెప్పలేదు.

ఆయన మాత్రం అన్నట్టే గడప తొక్కలేదు. అందుకే మొన్న ఆదివారం, ఆ వాదన మధ్యలో, దాచుకున్న మాట చెప్పేశాను. పోయిన నెల ఆయన ఏదో ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చి అడిగారు: “ఆ పెద్ద గుమాస్తా దిగిపోయేది ఎప్పుడమ్మా? మా అక్కతో పనుంది.”



మోకాళ్లు సతాయించక, చూపు మందగించక, మా అక్కయ్యగారు ఇంకో ముప్పై నాలుగేళ్లు ఇలాగే అందరి కాగితాలూ దిద్దుతూ చల్లగా ఉండాలని మా అందరి కోరిక. ఆ పని ఎక్కడ మొదలవుతుందో కూడా మాకు తెలుసు. ఆ రోజు ఫోటో నా చేతికిచ్చి, కళ్లద్దాలు మడిచి, ఇంట్లోవాళ్లందరితో వారు నెమ్మదిగా అన్నారు:

“సన్మానం అయ్యాక ఇంటికి రావద్దు. దండలతోనే అందరం వాడి పాకకు వెళ్దాం. వాడి ఫారాలు ఇక నేనే నింపుతాను.”