కొడంగల్ కోళ్ళను లేపిన బ్యాటరీ

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో కలిపేసి రాస్తానేమో. గుర్తున్నది కూడా మరిచిపోకముందే రాద్దామని కూర్చున్నాను.

అరవైల మొదట్లో మా ఇంటాయన తాండూరులో బ్యాటరీలు బాగుచేసే దుకాణం పెట్టాడు. వాళ్ళది బంట్వారంలో గొర్రెలు కాసిన కుటుంబం. ఒకరోజు లారీల జంగప్ప పాడైన బ్యాటరీ తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. మాకిస్తాడో, పట్నం పంపిస్తాడో తేల్చలేదు. ఆయన ఇస్తే మిగతా లారీలవాళ్ళూ వస్తారు. లేదంటే దుకాణం మూసి మళ్ళీ గొర్రెల వెంట పోవడమే. మా ఆయన తన కోతలు మొదలుపెట్టాడు.

"మొన్న పట్నం దొర ఇల్లసొంటి మోటరు తెచ్చిండు జంగప్పన్నా. లోపలనే మంచాలు, పొయ్యి, ఫ్యాను. ఇంజను బందు పెట్టి రాత్రంత ఫ్యాను తిప్పుకుంట పండిండ్రు, బ్యాటరీ పీనుగైంది. ఎంత ఖాళీ అంటె, పక్కన కందిలి పెడితె దాని వెలుగు గూడ గుంజుకున్నది!"

"కందిలి వెలుగా?" అన్నాడు పక్కింటి బాషా భాయ్, బీడీ ముట్టించుకుంటూ.

"అవ్ భాయ్, నీ బీడీ గూడ ఆర్పేసేది! గసొంటిదానికి ఒకేపారి కరెంటిస్తె ఉడికి సస్తది. ఆకలికి పడిపోయిన గొర్రెపిల్లకు సుక్క సుక్క పాలు తాపినట్టు సన్నగ ఎక్కిచ్చిన. మన తాండూరు బాయి నీళ్ళల్ల సున్నం, అవి పోస్తె ఖరాబే. మొగులు నుంచి సీదా పడ్డ వాననీళ్ళు జాడీల పట్టి పోసిన."

"జాడీ నాది," అన్నాను తలుపు చాటు నుంచి. "ఊరగాయకు దాచుకున్న కొత్త జాడీ."

"గదే, గదే! ఆ తర్వాత ఏమైందో తెల్సా? తెల్లారకముందే బల్బు ఏసి చూస్తె, ఆ వెలుగుకు కొడంగల్‌ల కోళ్ళు కూసినయ్, కుల్కచర్లల రైతులు నాగండ్లు కట్టిండ్రు, వికారాబాద్ టేషన్ల డ్రైవరు ఎదురుంగ ఇంకో రైలొస్తుందని తన రైలు ఎనుకకు నడిపిండు! కరెంటాఫీసోళ్ళు ఉరికొచ్చి, జర మా తీగలకు గూడ నీ కరెంటియ్యి అన్నరు!"

బాషా భాయ్ నవ్వుకు బీడీ కిందపడింది. జంగప్ప మాత్రం నవ్వలేదు. లేచి తన బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. ఇక తీసుకుపోతాడనుకున్నాను.

"అంజిలయ్యా, ఆ పొద్దు నేను కొడంగల్‌లనే ఉన్న. ఒక్క కోడి కూయలె."

మా ఆయన వంగి, కిందపడ్డ బీడీ తీసి బాషా భాయ్ చేతికిచ్చాడు.

"కాని పొద్దుగూకినంక ఆ దొర మోటరు మా ముంగటనే ఆగింది. బల్బులు మస్తు మండుతున్నయ్. ఇంజను బందు చేస్తె ఫ్యాను గూడ బందు చెయ్యాలని తాండూరు మేస్త్రీ తిట్టి పంపిండు అని దొర చెప్పిండు." బ్యాటరీని ఇటు జరిపాడు. "తీస్కో. జర సన్నగనే ఎక్కియ్యి. నా లారీకి కోళ్ళను లేపే పని లేదు."

ఆ నెల నుంచి అరుగంతా బ్యాటరీలే. నేను కూర్చుని బియ్యం ఏరుకునే చోటు కూడా మిగల్లేదు.

పద్మమ్మా, బిడ్డా, ఆ లారీల ఆయన జంగప్పేనా, బాలప్పా? బాషా చిచ్చాను అడిగి సరిచెయ్యి. మీ నాయన పేరు నేను అనను కాబట్టి ఆ లారీల ఆయన నోట రాశాను. ఆ పేరొక్కటీ సరిచూడనక్కర్లేదు.