జాబ్ రన్నవుతంది

అది కాదు బాబూ, మా గుంట జాబ్ ఎందుకు సంపేసారు? దానికి జవాబు సెప్పండి ముందు. సెప్పులు బయట ఇప్పమన్నారు, ఇప్పేను. కాళ్ళు తుడుసుకోమన్నారు, తుడుసుకున్నాను. అబ్బో, ఏటి బాబూ ఈ గదిలో ఇంత సలి! కంప్యూటర్లకి ఇంత మర్యాదా?

నేనెవరా? గౌతమి తల్లిని. అచ్చియ్యమ్మంటారు, చీడికాడ అవతల్నించి బస్సెక్కి ఈ విశాఖపట్నం వచ్చేను. అదే, మీ చోడవరం కంప్యూటర్ సెంటర్లో కూకుని తుఫాన్ల గురించి ఏదో లెక్క కడతంటాదే, ఆ ఎమ్మెస్సీ గుంట. మూడ్రోజులు నడిసిన జాబ్‌ని నిన్న మీవోళ్ళు కిల్ సేసేసారట. ఒకటే ఏడుపు.

ఇంత ఆపీసరయ్యుండి నవ్వకండి శ్యాంప్రసాద్ బాబూ. జాబంటే ఉద్యోగం కాదు, ఫోను తీగలంట ఇక్కడి మీ పెద్ద కంప్యూటర్‌కి పంపే లెక్కని నాకూ తెలుసు. మొదట్లో తెల్దు, అంతే.

నాలుగ్రోజుల కిందట ఇంటికొచ్చి, "అమ్మా, విశాఖపట్నంలో నా జాబ్ తీసుకున్నారు, రన్నవుతంది" అంది. ఓలమ్మో! నేనింకాగుతానా? మాడుగుల హల్వా తెప్పించి వీధంతా పంచేను. మా బావగారు బంగార్రాజని, ఇంటికి పెద్దాయన. అప్పటిదాకా "సదివింది సాలు, మాన్పించీ" అని పీకల మీద కూకున్న మనిషి, రెండు ముక్కలు తిని మీసం దువ్వేరు.

మర్నాడు సంగతి తెలిసి గుంట తల బాదుకుంది. నోర్ముయ్యమన్నాను. ఎందుకా? ఆ లెక్క తేలితేగాని పరీక్ష కోసం రాసే పుస్తకం కాలేజీలో ఇవ్వలేదట బాబూ. నిజం సెప్తే బావగారు ఆ రోజే హాస్టల్నించి దాని పెట్టె మోసుకొచ్చీసుందురు. పదేళ్ళకే నన్ను సెరుకు తోటకి పంపేరు. నా పేరు రాయడం కూడా దాని దగ్గరే నేర్సుకున్నాను. దాని సదువు ఆగిపోతే నా పేణం ఊరుకోదు.

ఇప్పుడేటైందంటే, "గౌతమి జాబ్ పోయిందట" అని ఎవడో ఆయన సెవిలో ఏసేడు. ఆపీసరు నోట ఇంటేగాని నమ్మనని నా ఎనకాలే బయల్దేరేరు. అదిగో, గుమ్మం కాడ కొత్త సెప్పులు ఇప్పలేక కుస్తీ పడతన్నారు.

మీరు అబద్ధమాడొద్దు బాబూ. దాని జాబ్ మళ్ళీ ఎయ్యండి, సాలు. క్యూ ఉందా? రేషను షాపులో నన్ను తోసీసి ఎంతమంది ఎల్లిపోలేదు! ఈ ఒక్కసారి మా గుంటని ముందుకి తొయ్యండి.

నొక్కేరా? రన్నవుతందా? మా నాయనే, సల్లగుండు!

వస్తన్నారు. "గౌతమికి జాబుందా?" అంటారు. ఉందనండి. ఉంది కదా మరి! జీతమెంతంటే, ఇంకా లెక్క తేలలేదనండి. అదీ నిజమే. అబద్ధాలన్నీ నేనాడీసేను బాబూ, మీకు నిజాలే మిగిల్సేను.