మైకు పట్టేవాడు

గోదావరిఖని దగ్గరి ఒక ఊరు. ఓపెన్‌కాస్ట్ గనిని ఇంకా పెంచడం మీద బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ నడుస్తోంది. బడి వెనక ఇంట్లో గని కార్మికుడు సదయ్య భార్య అనసూర్య, పొద్దున్నే హైదరాబాద్ నుంచి బస్సు దిగిన కొడుకు వీరేందర్.

"ఆ గాజు గ్లాసులెందుకు దించుతున్నవే అవ్వా?"

"బ్లాస్టింగు టైమైంది గద. నువ్వు మర్చిపోయినవ్ గని, నేనెట్ల మరుస్త?"

"ఇయ్యాల పేల్చరే. కలెక్టరాఫీసోళ్లు వచ్చిండ్రు."

"అవు గద. సార్ల చాయ కప్పులు వణుకుతయ్. ఏం జేద్దు, చేతులకు అలవాటైంది."

"సరె గని, పట్టుచీర కట్టినవేంది? ఆడికి పోతున్నవా?"

"పోనా మరి? గోడ పగిలింది నాది. పండుకుంటె మొఖం మీద సున్నం రాలేది నాకు."

"ఒక్కమాట ఇను. నువ్వు మాట్లాడద్దు."

"ఏంది?"

"మైకు పట్టుకొని ఏం మాట్లాడద్దంటున్న. అందుకే గద నేనొచ్చింది."

"అందుకే వచ్చినవా? మీటింగుకు వస్తున్న అంటె... నేను ఇంకోటనుకున్న."

"ఇంకేమనుకున్నవ్?"

"ఏం లేదు. చెప్పు."

"బాపు మోకాళ్లు పోయినయ్. మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ అయితె ఆయన నౌకరి నాకొస్తది. ఇప్పుడు సదయ్య పెండ్లాం లేచి కంపెనీని తిట్టిందనుకో..."

"తిట్టుడెందుకు? గోడ పగిలిందని చెప్త."

"వాళ్లకు రెండూ ఒకటే!"

"గా మోకాళ్లతోటే ఇయ్యాల గూడ మొదటి షిఫ్టుకు పోయిండు మీ బాపు."

"అందుకే చెప్తున్న గదనే."

"మొన్న పట్నంల చెరువు కాడ, దాన్ని పూడ్చద్దని అట్ట పట్టుకొని నిలబడితివి గద. పక్కింటి ఐలవ్వ ఫోన్ల సూపెట్టింది. నీ ముందట ఆ మున్సిపాలిటీ సారు తలకాయ దించుకున్నడు. ఏమంటివి? 'భయపడేవాడు పౌరుడే కాదు' అంటివి."

"అది హైదరాబాద్."

"అయితె?"

"ఆడ నేనెవరి కొడుకునో ఎవ్వలకు తెల్వది. ఆ సారు చేతిల నా నౌకరి లేదు."

"ఓహో. గంతేనా."

"నవ్వకు."

"నవ్వుతలేను. ఐలవ్వకు ఏం చెప్పాలె అని సూస్తున్న. మన వాడకు ఒక్క మొగోడు పుట్టిండని ఊరంత తిరిగి చెప్పింది ముసల్ది."

"ఐలవ్వకేం తెలుసే! ఈడికొచ్చెటోళ్లంత బిర్యానీ పొట్లం కోసం వస్తరు. చప్పట్లు కొట్టుమంటె కొడ్తరు. గిసుంటోళ్ల కోసం నా బతుకు ఆగం జేసుకోవాల్నా?"

"చెరువు కాడ మీకేం పంచిండ్రు?"

"ఏం పంచుతరు... టీషర్టు."

"ఎర్రది. నీకు మంచిగ నప్పింది."

"ఎటకారం బందువెట్టు. నా మీద ఒట్టేసి చెప్పు. మాట్లాడవు గద?"

"మాట్లాడ."

"నిజంగ?"

"నాకేం మాట్లాడొస్తది బిడ్డా. మాట్లాడొస్తె గోడ గింత పగిలెదాంక ఊకుందునా?"

"హమ్మయ్య. పానం లేచొచ్చింది. మరి పట్టుచీర?"

"ఇనెతందుకు."

"ఏం ఇంటవ్ ఆడ! వాళ్ల సోది."

"పొద్దుగాల మాట్లాడెటోళ్ల పేర్లు అడిగిండ్రు. బస్సు దిగిన అని నువ్వు ఫోన్ జేసుడే ఆలస్యం, ఉరికిపోయి ఇచ్చొచ్చిన."

"పేరా? ఎవ్వల పేరు?"

"గింత జల్ది వంతు వస్తదనుకోలే. అంగీ మార్చుకుంటవా, గట్లనే వస్తవా?"

"అవ్వా... ఎవ్వల పేరిచ్చినవ్?"

"నన్నెందుకు అడుగుతవ్, కిటికీ తియ్యి. మైకుల పిలుస్తనే ఉన్నరు... సదయ్య కొడుకు వీరేందర్ ఎక్కడున్నా రావాలె అని."