పాలసీ ఆఫీసుల బీడీల చాట

వద్దు బిడ్డా, ఆ కాయితాలు సంచిలనే పెట్టు. పాలసీ అన్న మాట ఇంకోపారి నా ఇంట్ల తియ్యకు. నువ్వు పక్కింటి కోడలివి, కొత్తగ ఏజెంటు పని పట్టినవు, నాకు ఎరుకే. నీ మీద కోపం కాదు సంజనా. కూసో. చాయ్ తాగుకుంట విను.

ముప్పై ఏండ్లు బీడీలు చేసిన. కంపెనీల నా కార్డు బంద్ అయినంక పీఎఫ్ పైసలొచ్చినయి. జిందగీల గన్ని పైసలు ఒక్కపారి సూసుడు గదే మొదలు. ఇంట్ల ఉంటె కర్సయితయని గీ బోధన్ల బ్యాంకుకే పోయి, డిపాజిట్ చెయ్యుండ్రి అన్న. ఆడ శివకుమార్ అని ఓ సారు. "దానికంటె మంచిది ఉన్నదమ్మా" అన్నడు. కుర్సీ ఏసిండు. సల్లటి నీళ్లు తెప్పిచ్చిండు. బ్యాంకుల నాకు ఇప్పటిదాంక కుర్సీ ఎవలేసిండ్రు చెప్పు? గా కుర్సీకే పడిపోయిన. యాడ పెట్టుమంటె ఆడ దస్తఖత్ పెట్టిన.

కొన్నొద్దులకు పోస్టుల బాండు వచ్చింది. మా మహేందర్ చదివిండు. డిపాజిట్ కాదట, ఇన్సూరెన్సట. ఏటేటా గన్నే కట్టాలెనట, పదేండ్లు. ఏటేటా నాకు పీఎఫ్ వస్తదా? నడుమల సచ్చిపోతె మాత్రం మస్తు పైసలిస్తరట. ఎవలికి? నామినీకి. నామినీ ఎవలు? మహేందరే. నా కన్నకొడుకు.

"ఉండనియ్యే అమ్మా, మంచి పాలసీనే" అన్నడు.

"వచ్చే ఏడు నుంచి నువ్వు కడతవా మరి?" అన్న. బాండు మడతవెట్టుకుంట, "ముందుగాల ఒక్క ఏడాదన్న సూద్దాం తీ" అన్నడు.

ఒక్క ఏడాదిల ఏం సూస్తడు బిడ్డా? నేను బీపీ గోలీలు మింగుతున్ననా లేదా అనా?

నాకు పైసలెందుకో చెప్తె నవ్వుతవు. పండ్లు పెట్టిచ్చుకుందామని. నోట్ల పండ్లు. పైన ఇన్ని, కింద ఇన్ని మిగిలినయి గని అవి ఒకదానికొకటి ఎదురుపడయి. మక్కకంకి కొరకక ఎన్నేండ్లాయెనో. సచ్చినంక వచ్చే పైసలతోని బొక్కలు నములుతనా నేను?

నా పైసలు నాకియ్యుండ్రని మల్ల బ్యాంకుకు పోతె శివకుమార్ సారు తలకాయెత్తి సూడడు. కుర్సీ లేదు, నీళ్లు లేవు. "నిజామాబాద్ల కంపెనీ ఆఫీసు ఉన్నది, ఆడికి పోవాలె" అన్నడు. ఆడోళ్లకు బస్సు ఫ్రీనే గదా, పోయిన. పెద్ద సారు లేడని ఒకపారి తిప్పిండ్రు. కంప్యూటర్ నడుస్తలేదని ఒకపారి. జిరాక్స్ మంచిగ కనవడ్తలేదని ఇంకోపారి.

ఓ రాత్రి మా కోడలు రుచిత, మొగడు పండుకున్నంక, మెల్లగొచ్చి నా పక్కకు కూసున్నది. "అత్తమ్మా, ఫోన్ల సూసిన. బాండు చేతికొచ్చినంక నెల దినాల లోపల వద్దంటె పైసలు వాపస్ ఇయ్యాలెనట. గా నెల దాటాలెననే నిన్ను తిప్పుతున్నరు" అన్నది. "నేను చెప్పినట్టు ఆయనకు చెప్పకు" అని గూడ అన్నది.

తెల్లారి మొదటి బస్సుకే పోయిన. ఉత్తగ పోలే. చాట, నానవెట్టిన ఆకు, తంబాకు, దారం, అన్ని సంచిలేసుకొని పోయిన. ఇప్పుడు కోడలి కార్డు మీద చేస్తున్నగదా, దినాం తిరిగితె కార్ఖానల బీడీలు ఎవలిస్తరు? ఆఫీసుల సోఫా ముంగట, ఏసీ కింద, చాట ఒళ్లె పెట్టుకొని కూసున్న. మొదలువెట్టిన.

వాచ్‌మన్ ఉరికొచ్చిండు. "అవ్వా, ఇది ఆఫీసు" అన్నడు.

"గందుకే పని చేస్తున్న" అన్న.

ఏసీ గాలికి తంబాకు దుమ్ము లేసింది. అన్ని దిక్కుల అద్దాలే, యాడ పోతది? కౌంటర్ కాడి పోరి తుమ్ముతున్నది. లోపల మేనేజర్ తుమ్ముతుండు. వచ్చినోళ్లు ఏమైందవ్వా అంటె చెప్పిన. దాసుకునేది ఏమున్నది? రెంజల్ ఊరి భోజన్న అని ఓ రైతు, పసుపు అమ్మిన పైసలతోని కొత్త పాలసీ కట్టనీకె వచ్చిండు. నా ముచ్చట పూరా విని, పెన్ను మూతవెట్టి, "రేపొస్త సారు" అని లేసిండు. ఆయన ఎనుక ఇంకిద్దరు లేసిండ్రు.

గప్పుడొచ్చిండు మేనేజర్, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని. "మీ పని అయితదమ్మా, ముందుగాల గా చాట తీయుండ్రి."

"కానియ్యి సారు. గీ కట్ట అయినంక తీస్త" అన్న.

కట్ట కాకముందే పెద్ద సారు దొరికిండు. కంప్యూటర్ నడిసింది. గదే జిరాక్స్ మంచిగ కనవడ్డది. దరఖాస్తు తీసుకొని ముద్ర కొట్టి నా చేతికి రసీదిచ్చిండ్రు.

శివకుమార్ సారు గూడ ఫోన్ చేసిండు తర్వాత. "ఏం జెయ్యాలమ్మా, నాకు టార్గెట్ ఉండె" అన్నడు. పాపం అనిపిచ్చింది. "నాకు గూడ ఉంటది సారు, దినాం వెయ్యి బీడీలు. గని నేను ఎవల నోట్ల బలిమికి పెట్టలే" అన్న.

పైసలు పడ్డయి. పండ్ల డాక్టర్ కొలతలు తీసుకున్నడు. కంపెనీ జర కోసుకున్నది తియ్యి. స్టాంపులకట కొంత. ఇంకొంత దేనికంటె, నేను పాలసీల ఉన్నన్ని దినాలు నా పానానికి వాళ్లు పూచీ ఉన్నరట, దానికి. అంటె నేను సావకుండ ఉన్నందుకు పట్టుకున్నరన్నట్టు.

ఆ రాత్రి మహేందర్ అన్నం తింటుంటె గదే చెప్పిన, నవ్వుతడని. వాడు తలకాయెత్తలే. ముద్ద కలుపుకుంటనే, "గన్ని దినాలు ఉత్తగనే పాయెనన్నట్టు" అన్నడు.

రుచిత చేతిల గంటె ఆగింది. నేనైతె నవ్విన. పరాచికానికి అన్నడో, మనసుల మాట అన్నడో. అడగలే. అడిగితె చెప్తడేమోనని అడగలే.

"ఇంకింత పప్పు ఏసుకో బిడ్డా" అన్న. ఏసుకున్నడు, తిన్నడు. ఇంకేం జేస్త సంజనా.