ఎర సీను

కైరో నడిబొడ్డున పాత ఎడిటింగ్ గది. మర్నాడు దర్శకుడు లబీబ్‌కు సన్మానం. నలభై ఏళ్ళుగా ఆయన సినిమాలకు కత్తెర పట్టిన దౌలత్ ఆయనకు టీ కలుపుతోంది.

"మళ్ళీ ఆ బొడ్డు డాన్సేనా? ఛీ! సన్మానంలో కూడా అదే వేస్తారట."

"జనం అదే అడుగుతారు ఉస్తాద్."

"అదే నా ఖర్మ. ఆ డాన్సు ఎందుకు తీశానో నీకు తెలీదూ? సెన్సారుకి ఎర. వాళ్ళు దాన్ని కోసి సంబరపడతారు, రొట్టెల సీను జోలికి రారు అని."

"అందరూ అలాగే ఎర వేసేవారు."

"నా ఎర ఉండిపోయింది, అసలుది ఎగిరిపోయింది. ఆ బొడ్డుకి అయిదు దేశాల్లో బహుమతులు! 'స్వేచ్ఛకు ప్రతీక' అని రాశాడొకడు. కక్కొచ్చింది నాకు."

"టీ చల్లారిపోతోంది."

"టీ సంగతొదిలెయ్. రొట్టెల సీను రీలు నీ దగ్గరుందని ల్యాబు వాళ్ళన్నారు. ఉందా?"

"కోటు గుండీ వేలాడుతోంది. ఇటివ్వండి, కుడతా."

"దౌలత్!"

"...ఉంది."

"ఉందీ! అల్లా చల్లగా చూశాడు. రేపు మంత్రి ముందర అదే వేస్తా."

"వద్దు ఉస్తాద్."

"భయమా? ఆ సెన్సారు కుక్క ఎప్పుడో పోయాడుగా."

"భయం కాదు."

"ఆ షాటు మర్చిపోయావా? సర్కారు రొట్టెల కొట్టు దగ్గర తోపులాట. ఉల్లిపాయల బండిలో గోనె కింద మన కెమెరా. నల్లబట్టలావిడ పడిపోయింది, ముసుగు జారింది. ముందు మట్టిలోంచి రొట్టె తీసి, ముద్దుపెట్టి, నుదుటికి ఆనించుకుంది. ముసుగు ఆ తర్వాతే. ఏ హీరోయిన్ చేస్తుంది అలా?"

"ఆవిడ నటించలేదు కదా."

"అందుకే! చివర్లో కెమెరాని చూసేసింది. చేత్తో మొహం దాచుకుంది. నా జన్మకి అదొక్కటే షాటు."

"షాటు తీసుకుంటామని అడిగారా ఆవిణ్ణి?"

"అడిగితే ఆ మొహం దొరుకుతుందా, పిచ్చిదానా? ఎవరో బీదావిడ. సినిమా చూసేదా, పెట్టేదా."

"ఎవరో బీదావిడ."

"ఊఁ. అలాంటి సీను కోశాడే, వాడి చేతులు పడిపోను! నలభై ఏళ్ళుగా వాణ్ణి తిట్టని రోజు లేదు."

"పాపం, తిట్టకండి. ఆయన రెండూ వదిలేశాడు."

"ఏంటీ?"

"డాన్సూ, రొట్టెలూ. రెండూ పాసే. కాగితం నా బీరువాలో ఉంది."

"నేను విదేశంలో ఉంటే, సెన్సారు కోసేసిందని ఫోన్ చేసి చెప్పింది నువ్వేగా!"

"చెప్పాను."

"మరి కోసిందెవరు?"

"నేనే. ఆ రొట్టె మట్టి దులిపి అమ్మ నాకే పెట్టింది, ఉస్తాద్."